పాలు తాగని ‘పున్నమి’

వెండితెర మీద నాగుపాము పడగ విప్పిందంటే చాలు, నేల క్లాసు నుంచి బాల్కనీ దాకా దణ్ణాలు పెట్టేస్తారు మన జనం. హీరోయిన్ వెండిగిన్నెలో పాలు పోసి ముందు పెడుతుంది. పాము తల వంచుతుంది. కెమెరా గిన్నె మీదికి వెళుతుంది. తరువాతి షాటులో గిన్నె ఖాళీ! ఆ పాలు అసిస్టెంటు డైరెక్టరు తాగాడా, ప్రొడక్షన్ కుర్రాడు పారబోశాడా అన్నది మనకెందుకు? పాము తాగింది, మనం చూశాం. అంతే!

ఇప్పుడు చెప్పబోయేది అలా తాగని పాము సంగతి. పాలు సరే, ఎలుకను పెట్టినా మొహం తిప్పుకుంటుంది. నాలుగు నెలల ఉపవాసాన్ని నాలుగు పూటల్లా గడిపేస్తుంది. పేరు ‘పున్నమి’. నివాసం అమెరికాలోని డల్లాస్ నగరం. యజమాని మా అక్క కొడుకు. స్వగ్రామం - యజమానిదే లెండి, పాముది కాదు - పల్నాడు జిల్లా ముప్పాళ్ళ.

పాముకి ఆ పేరు ఎందుకొచ్చిందో మీలో సగం మంది ఈపాటికి పసిగట్టే ఉంటారు. మిగిలిన సగం కోసం ఫ్లాష్‌బ్యాక్!

ఉగ్గుగిన్నె

1980లో ఎ.వి.ఎం. వారి ‘పున్నమినాగు’ విడుదలయింది. దర్శకుడు రాజశేఖర్. చిరంజీవి చిత్రసీమకొచ్చి అప్పటికి రెండేళ్ళే. పాములవాడి కొడుకు వేషం. చిన్నప్పటి నుంచీ తిండిలో కాస్త కాస్త విషం కలిపి పెంచితే, పెద్దయ్యాక ఆ కుర్రాడు పున్నమి రాత్రుల్లో పాము లక్షణాలతో ఊగిపోతాడు. ఒంటి మీద కుబుసం లేస్తుంది. నేనూ, మా పెదనాన్నగారి అబ్బాయీ నరసరావుపేట వెళ్ళి చూసొచ్చాం. నాకు పదకొండేళ్ళు. అన్నయ్యకి పధ్నాలుగు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నోరు విప్పలేదు ఇద్దరమూ. దిగాక మాత్రం అన్నయ్య ఒక్కటే మాట అన్నాడు: “మనం కూడా పెంచుదాం రా.”

మిరపకాయలు ఆరబోసిన కల్లాల దగ్గర ఎలుకలకి కొదవ లేదు. ఎలుకలున్న చోటికి జెర్రిపోతు రాక మానదు. నాగుపాముని పట్టే ధైర్యం లేదు కనక జెర్రిపోతుతో సరిపెట్టుకున్నాం. సబ్బుల పెట్టెలో పెట్టి, పైన వెదురు తడక కప్పి, దాని మీద రాయి పెట్టాం. గిన్నెతో పాలు పెట్టాం. తాగలేదు. కోడిగుడ్డు పెట్టాం. ముట్టలేదు. చచ్చిన ఎలుకను తెచ్చి వేశాం. అది కుళ్ళి వాసన కొట్టిందే తప్ప పాము దాని వైపు చూడనైనా చూడలేదు. రోజంతా పెట్టె మూలల్ని ముట్టెతో పొడుచుకుంటూ తిరిగేది. ముట్టె మీద చర్మం లేచిపోయింది. మేం గంటకోసారి తడక తీసి చూస్తూనే ఉన్నాం.

“ఏందిరా ఆ పాపప్పని? ఇడిసిపెట్టండి, పాపం తగులుద్ది” అని మా అమ్మ రోజూ అనేది. మేం వింటేగా!

తొమ్మిదో రోజున అన్నయ్య దాని మెడ పట్టుకుని పుల్లతో నోరు తెరిచాడు. నేను ఇంట్లోంచి ఉగ్గుగిన్నె తెచ్చి పాలు పోశాను. మరునాటికి చచ్చిపోయింది.

పాము నోట్లో నాలుక వెనకనే, అడుగున, ఊపిరి తీసుకునే గొట్టం తెరుచుకుని ఉంటుందని, మేం పోసిన పాలు అందులోకి పోయుంటాయని నాకు చాలా ఏళ్ళకి గానీ తెలియలేదు. అడవిలోంచో చేలోంచో పట్టి తెచ్చిన పాము కొత్తచోట భయంతో తిండి మానేస్తుందని కూడా తరువాతే తెలిసింది. అంతెందుకు, 1972లోనే వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిందని, మన దేశపు పాముని పట్టి పెంచడం నేరమని ఊళ్ళో మాకెవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాళ్ళం కాదేమో, అది వేరే సంగతి.

వేపచెట్టు కింద పూడ్చిపెట్టాం. అమ్మ తిట్టలేదు, కొట్టలేదు. ఆ ఉగ్గుగిన్నె మాత్రం మళ్ళీ మా ఇంట్లో కనిపించలేదు. కొన్నేళ్ళకి మా అక్కకి కొడుకు పుడితే కొత్తది కొన్నారు.

ఆ కొడుకే ఈ కథలో హీరో.

పుట్టలో బంతి

డల్లాసులో కంప్యూటరు ఉద్యోగం, సొంత ఇల్లు, భార్య, హోమ్ థియేటరు... అన్నీ అమరాక, 2022లో మావాడు పాముని కొన్నాడు. మన నాగుపామూ కాదు, జెర్రిపోతూ కాదు. బాల్ పైథాన్! పశ్చిమ, మధ్య ఆఫ్రికా దేశాల్లో - ఘనా, టోగో, బెనిన్ వైపు - ఉండే చిన్న కొండచిలువ. మూడు నుంచి అయిదడుగులు. విషం లేదు. భయపడితే కాటు వేయడం కన్నా, తల లోపల దాచుకుని ఒళ్ళంతా బంతిలా చుట్టేసుకోవడం దీనికి ఇష్టం. అందుకే ఆ పేరు. ఇంగ్లండులో రాయల్ పైథాన్ అంటారు. పేరుకి రాయల్ అయినా ఉండేది మాత్రం చెదపుట్టల్లో, ఎలుకల బొరియల్లో! పుట్టలో పాము మన సొత్తే అనుకున్నాం, ఆఫ్రికాలోనూ ఉందన్నమాట.

ప్రపంచంలో ఎక్కువమంది ఇళ్ళలో పెంచుకునే పాముల్లో ఇదొకటి. నెమ్మదస్తురాలు, చేతిలో పట్టుకోనిస్తుంది, జాగ్రత్తగా చూసుకుంటే ఇరవై ముప్ఫయ్యేళ్ళు బతుకుతుంది. అన్నీ బాగానే ఉన్నాయి, ఒక్క తిండి దగ్గరే వస్తుంది పేచీ. కొత్త పెళ్ళికూతురు అత్తారింట్లో తిన్నట్టు తింటుంది. అంటే, తినదు!

మొదటి ఏడాది సజావుగానే గడిచింది. చచ్చిన ఎలుకల్ని గడ్డకట్టించి ప్యాకెట్లలో అమ్ముతారక్కడ. వాటిని కరిగించి, గోరువెచ్చగా చేసి, పట్టకారుతో పట్టుకుని చూపించాలి. ఫ్రీజరులో ములక్కాడల ప్యాకెట్టు పక్కన ఎలుకల ప్యాకెట్టు చూసి, “ఈ ఇంట్లో అదుండాలో నేనుండాలో తేల్చుకో” అంది మా కోడలు. మావాడు రెండూ ఉండేలా తేల్చాడు. గరాజులోకి ఓ చిన్న ఫ్రీజరు కొన్నాడు.

2023 అక్టోబరులో పున్నమి తిండి మానేసింది.

వారం చూశాడు, రెండు వారాలు చూశాడు. నెలా పది రోజులయ్యాక ముప్పాళ్ళకి ఫోను. నేనప్పుడు ఊళ్ళోనే ఉన్నాను. స్పీకరులో పెట్టాం.

“మామయ్యా, పున్నమి ఏమీ తినడం లేదు. నెల దాటింది.”

నేను నోరు తెరిచేలోపు పక్కనుంచి మా అమ్మ అందుకుంది. ఆవిడకి ఎనభై దాటాయి. పాము బొమ్మ చూసినా ఒళ్ళు జలదరిస్తుంది. పాముని కొన్నాడని తెలిసినప్పుడు మనవడితో రెండు నెలలు మాట్లాడలేదు. అలాంటిది, గొంతు పెంచి అంది:

“పాలు మాత్రం పొయ్యమాకు నాయనా!”

నలభై మూడేళ్ళయింది, మరిచిపోలేదు!

పేచీకి కారణాలు

ఇక్కడ సినిమా ఆపి కాస్త శాస్త్రం. భయపడకండి, పాఠంలా చెప్పను.

పాముకి పాలతో పనిలేదు. దాహమైతే నీళ్ళు తాగుతుంది. పండగనాడు బుట్టలో తెచ్చిన పాము పాలు తాగిందంటే, అంతకుముందు చాలా రోజులు దానికి నీళ్ళు లేకుండా ఎండగట్టారని అర్థం. గొంతెండినది దొరికింది తాగుతుంది. ఆ పాలు దానికి అరగవు. కోరలు పీకి, నోరు కుట్టి ఆడించిన పాములైతే అసలు తినే వీలే లేక కొన్ని వారాల్లో పోయేవి. వీటిలో కొన్ని మన సెట్ల మీదికీ వచ్చాయి, ఆ షాట్లకి మనం చప్పట్లూ కొట్టాం. 2001 నిబంధనల తరువాత సినిమాలో జంతువుని వాడాలంటే జంతు సంక్షేమ బోర్డు అనుమతి తప్పనిసరి. అప్పటికే 1999లో కోడి రామకృష్ణగారు ‘దేవి’లో గ్రాఫిక్స్ పాములతో హౌస్‌ఫుల్ బోర్డులు పెట్టించారు. గ్రాఫిక్స్ పాముకి ఆకలి లేదు, అలక లేదు, కాల్షీటు గొడవ అంతకన్నా లేదు. చెప్పిన మాట వినని నటుణ్ణి కథలో జంతువుగా మార్చేసేవారని విఠలాచార్యగారి గురించి చెప్పుకునేవాళ్ళు గుర్తుందా? ఇప్పుడుంటే ఎంత సంబరపడేవారో!

అసలు విషయానికొద్దాం. పున్నమి లాంటి పాము తిండి మానేయడానికి కారణాలు బోలెడు. కుబుసం విడిచే ముందు కళ్ళు పాలరంగులోకి తిరుగుతాయి, అప్పుడు తినదు. జతకట్టే కాలంలో తినదు. చలిగా ఉంటే తినదు, ఎందుకంటే పాము ఒంట్లో వేడి పుట్టదు, బయటి వేడితోనే తిన్నది అరగాలి. గూటిలో దాక్కునే చోటు లేకపోతే తినదు. మాటిమాటికీ చేతుల్లోకి తీస్తే తినదు. చిన్నప్పటి నుంచి ఒక రకం ఎలుకకి అలవాటు పడితే రెండో రకాన్ని తిండి కిందే లెక్కవేయదు! మనకి గోంగూర ఎంతో, దానికి ఆ వాసన అంత.

మావాడి అద్దాల పెట్టె చూడ్డానికి సినిమా సెట్టులా ఉండేది. నాలుగడుగుల పొడవు, రంగు దీపాలు, ఒక కొమ్మ, మధ్యలో పాము. మనం చూడ్డానికి బాగానే ఉంటుంది. చెదపుట్టలో ముడుచుకుని ఉండే జీవికి అది నడిరోడ్డు మీద నిలబెట్టినట్టే కదా! పైగా అదే గదిలో హోమ్ థియేటరు. శని ఆదివారాలు తెలుగు సినిమాలు, గోడలదిరే డప్పులు.

పాముకి చెవులు లేవుగా, అదిరితే దానికేం అంటారేమో. ఇక్కడ ఒక తమాషా చెప్పాలి. 1954లో వచ్చిన హిందీ ‘నాగిన్’లో వైజయంతిమాల నాట్యానికి వినిపించే ఆ నాగస్వరం ఉందే, ఇప్పటికీ పెళ్ళి బ్యాండు వాళ్ళు వదలని ఆ బాణీ, అసలు బూర మీద వాయించిందే కాదు. హేమంత్ కుమార్ సంగీతంలో కల్యాణ్‌జీ క్లావయొలిన్ అనే విద్యుత్ వాద్యం మీద, రవి హార్మోనియం మీద పలికించారు. పాము కూడా బూర పాటకి ఆడదు. ఎదురుగా ఊగుతున్న బూరని చూసి, ఎక్కడ మీద పడుతుందోనని పడగెత్తి దానితోపాటు ఊగుతుంది. కానీ పాము పూర్తిగా చెవిటిదీ కాదు. 2012లో డెన్మార్కు శాస్త్రజ్ఞులు సరిగ్గా ఈ రాయల్ పైథాన్ మీదే పరీక్ష చేసి చూశారు. చెవిగూబ లేకపోయినా ధ్వనికి తల ఎముక అదురుతుంది, ఆ అదురు లోపలి చెవికి చేరుతుంది. సన్నని స్వరాలు అందవు. సెకనుకు 80 నుంచి 160 కంపనాల మధ్య ఉండే మంద్రస్వరాలు బాగా అందుతాయి. అంటే బూర కాదు, డప్పు! మావాడి సబ్‌వూఫరు వినిపించేది అవే. ఉపవాసానికి అదొక్కటే కారణమని నేననను. అనుమానితుల జాబితాలో మాత్రం అదీ ఉంది.

మూడో నెలలో మావాడికి ఓపిక నశించి తప్పు చేశాడు. ప్రాణమున్న ఎలుకను పెట్టెలో వదిలి పడుకున్నాడు. పాము దాన్ని ముట్టలేదు. ఎలుకే పాముని కొరికింది. తెల్లారి చూస్తే నడుం మీద రక్తం. ఆకలి లేని పాము ఎదిరించదు, బంతిలా చుట్టుకుని ఊరుకుంటుంది. ఎలుకకి ఆ మొహమాటం లేదు. పున్నమి ఒంటి మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

డాక్టరు దగ్గరికి పరిగెత్తాడు. ఆవిడ గాయానికి మందు రాసి, నోట్లో పుండ్లు ఉన్నాయేమో, ఒంటి మీద పేలు ఉన్నాయేమో, ఊపిరిలో గురక ఉందేమో చూసింది. ఏమీ లేవు. తూకం వేయించింది. అక్టోబరులో 1,640 గ్రాములు. ఇప్పుడు 1,560. మూడు నెలల్లో పోయింది 80 గ్రాములు! “నీ పాము బాగానే ఉంది. నువ్వే బాగా లేవు. దాన్ని వదిలెయ్” అందిట. తూకంలో పదో వంతు తరిగితే మాత్రం వెంటనే తీసుకురమ్మంది.

వదిలేయడం అంటే ఏమిటో మావాడికి అప్పుడు తెలిసొచ్చింది. చిన్న ప్లాస్టిక్ తొట్టెకి మార్చాడు. రెండు చివరలా రెండు గూళ్ళు. ఒకవైపు 32 డిగ్రీల వేడి, రెండోవైపు 27. తేమ చూసే మీటరు. తొట్టె ఉన్న గదిలో సినిమా బంద్. నీళ్ళు మార్చడానికి తప్ప చెయ్యి పెట్టలేదు. రెండు వారాలకోసారి మాత్రమే తిండి చూపించాడు. అమ్మిన దుకాణానికి ఫోను చేస్తే, అక్కడ దాన్ని చిట్టెలుకల మీద పెంచామన్నారు. సంవత్సరంగా పెద్ద ఎలుకలు తిన్నది ఇప్పుడు పాత రుచి కోరుతోందా? ఏమో! చిట్టెలుకల గూటిలోని పొట్టు తెచ్చి, కరిగించిన ఎలుకకి రుద్ది, మన ఒంటి వేడి కన్నా కొంచెం ఎక్కువ వేడి చేసి, రాత్రి దీపాలార్పి, గూటి ముందు పట్టాడు. ఈ పాముకి పై పెదవి మీద వరసగా గుంటలుంటాయి, వాటితో వేడిని పసిగడుతుంది. చల్లటి ఎలుక దానికి రాయితో సమానం.

2024 ఫిబ్రవరి ఆఖరులో ఒక రాత్రి గూటిలోంచి తల వచ్చింది. నాలుక రెండుసార్లు ఆడింది. టప్! పట్టేసింది!

మనకి పొద్దున ఫోను. మా అమ్మ నిద్ర లేచి కూచుంది. “తిన్నదంటనా? ఎంత తిన్నది?” అని అడిగింది. ఆ క్షణం నుంచి పున్నమి మా ఇంటి మనిషయిపోయింది.

ఇంతకన్నా మొండిది మన దగ్గరే ఉంది

బాల్ పైథాన్ పేచీ ఒక పేచీయా అనిపించే పాము మన రాష్ట్రంలోనే ఉంది. శ్రీకాకుళం, విశాఖ వైపు తూర్పు కనుమల్లో గిరినాగు అంటారు. ప్రపంచంలో అన్నిటికన్నా పొడవైన విషసర్పం. తినేది ముఖ్యంగా పాముల్నే! జెర్రిపోతు దానికి పంచభక్ష్య పరమాన్నం. దీన్ని పెంచాలంటే జూ వాళ్ళకే చెమటలు పడతాయి. రోజూ పాముల్ని ఎక్కణ్ణుంచి తెస్తారు? అందుకని ఎలుకకి పాము వాసన పట్టించి ఏమార్చిన సందర్భాలున్నాయి. కొన్ని ఒప్పుకుంటాయి, కొన్ని ససేమిరా అంటాయి. అంత మొండిదాన్ని కూడా మద్రాసు దగ్గరి మొసళ్ళ బ్యాంకులో, మంగుళూరు దగ్గరి పిలికుళ జూలో గుడ్లు పెట్టించి పిల్లలు చేయించారు.

ఆడ గిరినాగు ఆకులు పోగేసి గూడు కడుతుంది. పాముల్లో ఇలా గూడు కట్టే ఇల్లాలు ఇదొక్కతే. దాని మీదే కూచుని వారాల తరబడి తిండి లేకుండా కాపలా కాస్తుంది. మన కొండచిలువ ఇంకో అడుగు ముందుకేసింది. గుడ్ల చుట్టూ చుట్టుకుని, కండరాలు వణికించి, తన ఒంట్లో వేడి పుట్టించి పొదుగుతుంది. ఒంట్లో వేడి పుట్టదని ఇందాక చెప్పానే, తల్లి అయినప్పుడు ఆ నియమం తప్పుతుందన్నమాట. దీని దగ్గర చుట్టమైన బర్మా కొండచిలువ ఇలా వేడి పుట్టిస్తుందని 1966లోనే న్యూయార్కు జూలో కొలిచి చూపించారు.

గిరినాగు గూళ్ళని కొండవాళ్ళే కాపాడేలా చేయాలని విశాఖలో తూర్పు కనుమల వన్యప్రాణి సంఘం వారు పని చేస్తున్నారు. ఈ పనికి సినిమాలో హీరోకిచ్చే చప్పట్లలో పదో వంతైనా దక్కితే బాగుండును.

మరి మనమూ కొనుక్కోవచ్చా?

ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. ఎందుకంటే మా ఊళ్ళో ఈ వార్త పొక్కగానే నలుగురు కుర్రాళ్ళు వచ్చి అడిగారు.

మన దేశపు పాము ఏదైనా సరే, కుదరదు. నాగుపాము, జెర్రిపోతు, కొండచిలువ, రెండుతలల పాము - దేన్నీ పట్టకూడదు, ఉంచుకోకూడదు, అమ్మకూడదు. ఇంట్లోకి వస్తే అటవీశాఖకి కబురు చేయండి. హైదరాబాదులో అయితే ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్ళున్నారు.

బాల్ పైథాన్ విదేశీ పాము, అంతర్జాతీయ ఒప్పందం కింద ఉన్న జాతి. దానికి 2022లో చట్టం సవరించారు, 2024లో నిబంధనలు వచ్చాయి. ఉన్నవాళ్ళు కేంద్ర ప్రభుత్వపు ‘పరివేష్’లో నమోదు చేయించాలి. పుట్టినా, చచ్చినా, చేతులు మారినా చెప్పాలి. కాగితాలు లేకుండా చవగ్గా ఇస్తానని ఎవడైనా అంటే, ఆ పాము ఎలా వచ్చిందో ఒక్కసారి ఊహించుకోండి.

2023 సెప్టెంబరులో బెంగుళూరు విమానాశ్రయంలో బ్యాంకాక్ నుంచి వచ్చిన సామాను విప్పితే 55 బాల్ పైథాన్లు, 17 గిరినాగులు బయటపడ్డాయి. అదే సామానులో ఊపిరాడక చచ్చిన ఆరు కపుచిన్ కోతులు. అదే ఏడాది జనవరిలో మద్రాసు విమానాశ్రయంలో మరో 45 బాల్ పైథాన్లు. గది మారితేనే నాలుగు నెలలు అన్నం మానేసే జీవిని సంచిలో కుక్కి, విమానంలో వేసి, ఎవడింటికో చేరిస్తే అది తింటుందా? తినదు. కొన్నవాడు నోరు తెరిచి కుక్కుతాడు. మా ఉగ్గుగిన్నె కథే మళ్ళీ మొదలు.

బాలింత

2024 నవంబరుకి పున్నమి 1,850 గ్రాములకి చేరింది. ఆడది గుడ్లు పెట్టాలంటే కనీసం ఒకటిన్నర కిలో ఉండాలంటారు. అంతకు తగ్గితే గుడ్లు పెట్టాక కోలుకోదు. మావాడు తెలిసినవాళ్ళ దగ్గర ఓ మగపాముని అరువు తెచ్చాడు. నెల రోజులు దాన్ని వేరే గదిలో ఉంచి, రోగాలేం లేవని తేల్చుకున్నాక, రాత్రిపూట వేడి రెండు మూడు డిగ్రీలు తగ్గించి, రెండిటినీ కలిపాడు. డ్యూయెట్టు, పూలూ, ఫౌంటెనూ ఏమీ లేవు. తోకలు పెనవేసుకుని రోజంతా కదలకుండా పడుకున్నాయట. దర్శకుడు కట్ చెప్పడం మరిచిపోయిన సీనులా!

మగది కూడా ఈ కాలంలో తిండి మానేస్తుంది. రెండు తొట్లు, రెండు ఉపవాసాలు. ఈసారి మావాడు కంగారు పడలేదు.

అన్నట్టు మగపాము లేకుండా కూడా ఒక్కోసారి కథ నడుస్తుంది సుమండీ! అమెరికాలోనే సెయింట్ లూయిస్ జూలో ఓ బాల్ పైథాన్ ఉంది. 1961లో జూకొచ్చింది. 2020 జూలైలో, అరవై రెండేళ్ళకి తక్కువ కాని వయసులో, ఏడు గుడ్లు పెట్టింది. పదిహేనేళ్ళకి పైగా మగపాము మొహం చూడలేదట! గుడ్లు పెట్టిన పాముల్లో అంత వయసుది ఇంకొకటి లెక్కలో లేదన్నారు.

పున్నమి మార్చిలో కుబుసం విడిచింది. ఆ తరువాత నెలకి, 2025 ఏప్రిల్లో, ఆరు గుడ్లు పెట్టి వాటిని చుట్టుకుని కూచుంది. మన కొండచిలువలా ఇది వణికి వేడి పుట్టించదు, చుట్టుకుని తేమ పోకుండా మాత్రం చూస్తుంది. అందుకని మావాడు గుడ్లని ఇంక్యుబేటరులో పెట్టాడు. అటూ ఇటూ తిప్పకూడదు. ఏ వైపు పైకి ఉంటే ఆ వైపే పైకి ఉండాలి, లేకపోతే లోపలి పిల్ల చచ్చిపోతుంది. పెన్సిలుతో గుర్తు పెట్టుకున్నాడు. గుడ్లు తీశాక పున్నమికి గోరువెచ్చటి నీళ్ళతో స్నానం. ఒంటిమీద గుడ్ల వాసన ఉన్నన్నాళ్ళూ ఇంకా పొదుగుతున్నాననుకుని తినదట.

“బాలింతరాలికి ఏం పెట్టావురా?” అని మా అమ్మ ఫోనులో అడిగింది.

“చిన్న ఎలుక అమ్మమ్మా. తిన్నది.”

“చిన్నదెందుకు?”

“చాలా రోజుల తరవాత కదా, పెద్దది పెడితే అరగదు.”

“అదీ నిజమేలే” అంది మా అమ్మ, ఎన్ని పురుళ్ళు పోసిందో ఆవిడ!

58వ రోజున గుడ్డు తోలు మీద చిన్న గాటు పడింది. ముక్కు మీది చిన్న పంటితో లోపలి నుంచి కోసుకుని వస్తాయి. ముక్కు బయటపెట్టి ఒక రోజంతా అలాగే చూస్తూ ఉంటాయట, రావాలా వద్దా అన్నట్టు. ఒక గుడ్డు చెడిపోయింది. అయిదు పిల్లలు బయటికొచ్చాయి.

వాటిని అమ్మమని ఒకడు బేరానికొచ్చాడు. వెంటనే ఇచ్చేస్తే తిండి పెట్టే బాధ తప్పుతుంది. మావాడు ఇవ్వలేదు. ఒక్కొక్కటీ వరసగా కనీసం అయిదుసార్లు తనంతట తాను తిన్నాకే ఇస్తానన్నాడు. బేరగాడు నవ్వి వెళ్ళిపోయాడు. పది రోజులకి తొలి కుబుసం విడిచాయి. నాలుగు పిల్లలు చిట్టెలుక పిల్లల్ని పట్టేశాయి. అయిదోది పట్టలేదు. వాసన మార్చాడు, వేడి మార్చాడు, గూడు చిన్నది చేశాడు. రాత్రి పెట్టి తెల్లారి తీసేస్తున్నాడు. నోరు తెరిచి తినిపించే పద్ధతి ఒకటుందని డాక్టరు చెప్పింది, అది ఆఖరిది అని కూడా చెప్పింది. తూకం ఇంకా నిలబడే ఉంది కనక ఆగమంది.

మావాడు ప్రతి ఆదివారం ఫోను చేస్తాడు. మా అమ్మ ముందు మనవడి ఆరోగ్యం అడుగుతుంది, తరువాత కోడలి ఆరోగ్యం అడుగుతుంది, తరువాత ఆ అయిదోదాన్ని అడుగుతుంది. ఏడో వారం ఫోనులో కూడా మావాడు, “లేదమ్మమ్మా, నిన్న నాలుక ఆడించింది, అంతే” అన్నాడు.

“సరేలే. దీపం ఆర్పి బయటికి రా” అంది మా అమ్మ.